వేపనీళ్ళ పొయ్యి

మా అత్త దగ్గర నేను సరిగ్గా నేర్చుకున్న విద్య ఒక్కటే, ఒంటికి పట్టిన దురద వదిలించడం. వంట నేర్పబోయి ఆవిడే విసిగిపోయింది. పాలు పితకడం నేర్పబోతే గేదె తన్నింది, నన్ను కాదు, ఆవిడను. ఆకులూ పసర్లూ మాత్రం నాకు ఒంటబట్టాయి, ఎందుకంటే మొదటి పాఠం నా ఒంటి మీదే జరిగింది.

నాది సత్తెనపల్లి. కారంపూడి దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చేదాకా పొలమంటే బస్సు కిటికీలోంచి చూసిందే. పెళ్ళయిన మూడో నెలలో, చేను పక్క కంచె మీద ఒక తీగకు గుత్తులు గుత్తులుగా చిక్కుడుకాయల్లాంటివి వేలాడుతుంటే, అత్తను మెప్పిద్దామని ఒడి పట్టి కోయడం మొదలుపెట్టాను. కాయల మీద గోధుమరంగు నూగు మెత్తగా ఉంది. ఈ ఊరి చిక్కుళ్ళు ఇట్లా ఉంటాయి కాబోలు అనుకున్నాను. నాలుగు కోశానో లేదో, చేతులు, మెడ, పొట్ట, ఎక్కడ గోకాలో తెలియని దురద. అవి దూలగొండి కాయలు. ఏడుస్తూ బోరు దగ్గరికి పరిగెత్తాను. అత్త వెనకనుంచి కొంగు పట్టుకుని లాగింది.

"నీళ్ళు ముట్టబాకు. గోకబాకు. గోకితే లోపలికి దిగిద్ది."

పశువుల కొట్టంలోంచి పచ్చి ఆవుపేడ తెచ్చి, నా చేతులకూ మెడకూ మందంగా పూసింది. పూసి, ఎండలో కూర్చోబెట్టి, ఆరాక బెరడు ఒలిచినట్టు ఒలిచింది. పేడతో పాటు నూగంతా ఊడి వచ్చింది. దురద సగానికి సగం పోయింది. అత్తగారి చేత మెడదాకా పేడ పూయించుకున్న కొత్తకోడలు పల్నాడు మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. మా ఆయన ఇప్పటికీ చిక్కుడుకాయ కూర చేసిన రోజు నా మొహంలోకి చూసి నవ్వుతాడు.

ఆ తర్వాత ఆవిడ ఎవరికి ఏం చేసినా పక్కన నిలబడి చూశాను. నల్లజీడి రసం తగిలి పొక్కినవాళ్ళకు నువ్వులు వెన్నతో నూరి పట్టించేది. జిల్లేడు పాలు పడ్డవాళ్ళకు మందే లేదు, వట్టి నీళ్ళు, చెంబు తర్వాత చెంబు, అవతలివాడు చాలు మొర్రో అన్నా ఆపేది కాదు. ఎవరొచ్చినా ఆవిడ మొదట అడిగే మాట ఒకటే.

"ఏ చెట్టు ముట్టుకున్నావు?"

ఆ జవాబు వచ్చేదాకా చెయ్యి కదిలేది కాదు. ఒక్కో చెట్టు చేసే గాయం ఒక్కో రకమనీ, చెట్టు తెలియకుండా మందు వేయడం తప్పనీ చెప్పేది. డబ్బు పుచ్చుకునేది కాదు. కానీ వట్టి చేతులతో వచ్చినవాళ్ళకు చేసేది కూడా కాదు. మందు ఊరికే తీసుకుంటే ఒంటికి పట్టదని మా వైపు నమ్మకం. అందుకని గుప్పెడు చింతాకో, రెండు కోడిగుడ్లో, పొయ్యిలోకి నాలుగు పుల్లలో తెచ్చి అరుగు మీద పెట్టేవాళ్ళు. అది వైద్యానికి వెల కాదు, మందు పనిచేయాలంటే జరగవలసిన పద్ధతి.

అత్త పోయాక ఆ పని నా మీద పడింది. పడింది అనడం అబద్ధం, నేనే ఎగబడి అందుకున్నాను. ఊళ్ళో ఎవరికైనా ఒళ్ళు దద్దురెక్కితే మా గుమ్మం తొక్కుతుంటే నాకు గర్వంగా ఉండేది. పేడ పూసీ వెన్న రాసీ పదిమందికి నయం చేశాక నేను కూడా పెద్దదాన్నయ్యానని అనుకున్నాను. అత్త మాటల్లో మందులన్నీ గుర్తుపెట్టుకున్నాను. ఆవిడ మొదట అడిగే ప్రశ్న మాత్రం మెల్లమెల్లగా మానేశాను. చూడగానే తెలిసిపోతుందిలే అనే పొగరు.

మూడేళ్ళ కిందటి వానాకాలంలో మా వదినకు ఒళ్ళు పొక్కింది. వదిన అంటే రక్తసంబంధం కాదు. మిరప కోతలకూ కలుపులకూ వచ్చే ముఠాకు ఆమె మేస్త్రి. పన్నెండు మంది ఆడవాళ్ళు ఆమె మాట మీద నడిచేవాళ్ళు. ఎవరి చేలో ఎప్పుడు దిగాలి, ఎవరు ఏ సాలు పట్టాలి, అన్నీ ఆమే చెప్పేది. మా అత్తను పెద్దమ్మా అని పిలిచేది, ఆ లెక్కన నాకు వదిన అయింది. నా కన్నా ఆరేడేళ్ళు పెద్ద. నేను కాపరానికి వచ్చిన ఏడు నాకు కలుపు తీయడం నేర్పింది ఆమే. మిరప మొక్కను పీకి కలుపు మొక్కను వదిలేసిన నా చేతుల్ని చూసి, "నిన్ను చేలోకి తోలింది ఎవురు అమ్మాయ్" అని తల పట్టుకుంది. పాతికేళ్ళు దాటినా ఆ పిలుపు మారలేదు. నాకు యాభై దగ్గరపడుతున్నా ఆమెకు నేను అమ్మాయినే.

ఆ ఏడు ముందుగా ఆమె కనురెప్పలు ఉబ్బాయి. తర్వాత మెడ చుట్టూ ఎర్రగా కందింది. తర్వాత మోచేతి మడతలు పగిలి నీరు కారాయి. తెల్లవారి చేలోకి వచ్చేటప్పటికి కళ్ళు చారికల్లా ఉండేవి. ముఠాలో వాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు కొన్నాళ్ళు. ఒకరోజు మోటారు షెడ్డు దగ్గర మంచినీళ్ళు తాగేటప్పుడు, ఆమె తాగిన గ్లాసు ఎవరో పక్కకు తీసి రేకు మీద విడిగా పెట్టారు.  మర్నాటి నుంచి ఆమె తన చెంబు తానే తెచ్చుకుంది.

గ్లాసు విడిగా పెట్టిన సాయంత్రమే మా ఇంటికొచ్చింది. అరుగు మీద కూర్చుని, కొంగుతో మొహం అద్దుకుంటూ, "ఏదో ఒకటి చెయ్యి అమ్మాయ్. కోతలు మొదలయ్యే లోపల తగ్గాల. అంటుద్దంటున్నారు. నేను రెండు నెలలు ఇంట్లో కూకుంటే ముఠా ఇంక నాది కాదు" అంది.

ఆమెకు కావలసింది ముఠా. అది నాకు అర్థమైంది. ముఠా అంటే ఆమెకు కూలి ఒక్కటే కాదు. మొగుడు ఏనాడో వదిలేసి పోయిన మనిషి, ఊళ్ళో తలెత్తుకు నడిచిందంటే వెనక నడిచే ఆ పన్నెండు మంది వల్లే. నేను ధైర్యంగా చెప్పాను. "నలభై రోజులు నా మాట విన్నావంటే నీ ఒళ్ళు అద్దం చేస్తా."

అది ఏ చెట్టు వల్ల వచ్చిందని నేను అడగలేదు. ఒంట్లో వేడి అన్నాను. పురుగుమందులు కొట్టిన చేలల్లో తిరిగితే రాక ఏమవుతుంది అన్నాను. వేపాకు నీళ్ళు కాచి రోజూ సాయంత్రం మొహానికి ఆవిరి పట్టించి, ఆ నీళ్ళతోనే ఒళ్ళు కడిగి, వేపాకూ పసుపూ నూరి పట్టు వేయాలని తీర్మానించాను. ఇక పత్యం. వంకాయ వద్దు. గోంగూర వద్దు. ఎండుచేపలు వద్దు, గుడ్డు వద్దు, పచ్చిమిరపకాయ వద్దు. పల్నాడులో పుట్టిన మనిషిని గోంగూర మానమనడమంటే అన్నం మానమన్నట్టే. ఆమె ఒక్క క్షణం నావైపు చూసి, "సరేలే, చారు పోసుకుంటా" అంది.

మర్నాడు సాయంత్రం ఆమె వట్టి చేతులతో రాలేదు. తల మీద ఎండు పుల్లల మోపుతో వచ్చింది. ఆ రోజుల్లో మా ఇంట్లో నీళ్ళపొయ్యికి కట్టె కరువు. పోయినేటి పత్తికట్టె, మిరపకట్టె అప్పటికి అయిపోతాయి, కొత్తది మాఘమాసం వస్తే గానీ రాదు. నాకు పుల్లలు లేవని చూసింది కాబట్టి, మా గట్టు మీదనే పీకి ఎండేసిన మొక్కల్ని తాడుతో బిగించి తెచ్చింది. ఆకు రాలిపోయి, బోలుగా, కరకరలాడుతూ, అంటించగానే భగ్గుమనే పుల్లలు.

వాకిట్లోనుంచి పిలిచింది. "అమ్మాయ్, ఒక చెయ్యెయ్యి."

తల మీద మోపు ఉన్నవాళ్ళు అట్లా పిలిస్తే ఎదుటివాళ్ళు వెళ్ళి దించాలి. మా వైపు పిల్లలకు కూడా ఆ పద్ధతి తెలుసు. మోపు తనంతట తాను పడేస్తే మెడ పడుతుంది. నేను రోట్లో వేపాకు నూరుతున్నాను. "చేతులకు పసుపుంది వదినా, ఆ గోడకు వాల్చెయ్" అన్నాను. ఆమె మెడ వంచి, మోపును మొహానికీ ఛాతీకీ ఆనించుకుని, మెల్లగా గోడకు జార్చింది. తర్వాత తానే తాడు విప్పి, పుల్లలు మోకాలి మీద విరిచి, పొయ్యిలో పెట్టి, నీళ్ళు మరిగాక అదే పొయ్యి ముందు కూర్చుని, దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టింది. నేను వైద్యురాలిని గదా. గిన్నెలో గరిటె తిప్పాను.

రోజూ అట్లాగే జరిగింది. రోజూ ఆమె పిలిచేది, రోజూ నా చేతులకు పసుపుండేది.

మొదటి వారం కొంచెం తగ్గినట్టే కనపడింది. ముసురు పట్టి నాలుగు రోజులు ఎవరూ ఇల్లు కదల్లేదు. వాన వెలిశాక వచ్చినప్పుడు ఆమె కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. "చూశావా" అన్నాను నేను. వేపాకు మహిమ అనుకున్నాను. మళ్ళీ ఎండ కాసింది, మళ్ళీ మోపు వచ్చింది, మూడో రోజుకు మళ్ళీ మొహం వాచింది.

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నువ్వు గోంగూర తినుంటావు."

"లేదు అమ్మాయ్."

"తినకుండా ఎందుకొచ్చిద్ది? నోరు కట్టుకోలేనప్పుడు నా దగ్గరికి రావడం ఎందుకు?"

ఆమె తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఒట్టు. నువ్వు వద్దన్న కాడ్నించి నోట్లో పెట్టలా."

నేను నమ్మలేదు. నమ్మనట్టు మొహం పెట్టి, లోపలికి వెళ్ళి, మందులషాపులో దొరికిన ఒక ట్యూబు తెచ్చి అది కూడా రాశాను. రెండు రోజులు తెల్లబడింది, ఆ తర్వాత రెట్టింపయింది. చారన్నంతో ఆమె చెంపలు లోపలికి పోయాయి. ఆ బక్కచిక్కిన మనిషి రోజంతా మా చేలో పనిచేసి, సాయంత్రం మా గట్టు మీద పుల్లలు ఏరి మోపు కట్టి, మైలు దూరం నడిచి మా వాకిట్లో నిలబడేది. నేను ఆమె పత్యం తప్పిందని కోప్పడేదాన్ని. ఇది రాస్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

ముఠాలో గుసగుస పెరిగింది. వాళ్ళలో చురుకైన ఒకామె, వదినకు మేనకోడలి వరస, ఒకరోజు నా దగ్గరికొచ్చి, "నువ్వన్నా చెప్పు అత్తా, తగ్గేదాకా ఇంటికాడ ఉండమని. మా పిల్లలకంటుకుంటే ఏంది దారి" అంది. అది అంటేది కాదని నాకు అనిపించింది గానీ గట్టిగా చెప్పడానికి నాకు తెలియదు. రోగమేమిటో తెలిస్తే గదా. అందుకని ఆ సాయంత్రం వదినతో నేనే అన్నాను. "కొన్నాళ్ళు ఇంట్లో ఉండరాదా వదినా." ఆమె తల ఊపింది. మర్నాటి నుంచి ముఠా ఆ పిల్ల వెనక నడిచింది.

చేలోకి రావడం మానేసినా పుల్లలు తేవడం మానలేదు. అంటే, పొలంలో పని పోయాక ఆమె ముట్టుకుంటున్నది ఆ పుల్లల్ని ఒక్కటే. అప్పటికన్నా నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. ఒక ఉదయం కళ్ళు రెండూ మూసుకుపోయి, మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. మా ఆయన ఆమెను చూసి నా మీద మొదటిసారి గట్టిగా అరిచాడు. "నీ ఆకులు ఇంక చాలు. ఆటో పిలుస్తున్నా, నర్సరావుపేట తీసుకుపో."

చర్మం డాక్టరు చిన్న వయసు అమ్మాయి. వదిన గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగుకు తిప్పి చూసింది. మెడ చూసింది, మోచేతులు చూసింది. రవిక కింద చూసి, అక్కడ ఏమీ లేదని చెప్పింది. గుడ్డ కప్పిన చోట రాలేదు, బయట ఉన్నచోటే వచ్చింది. అది నేను నలభై రోజులు కళ్ళ ముందు పెట్టుకుని కూడా చూడలేదు.

తర్వాత ఆ అమ్మాయి అడిగింది. "ఏ మొక్క ముట్టుకుంటారమ్మా?"

 అది మా అత్త ప్రశ్న. ముప్పై ఏళ్ళయినా లేని ఒక డాక్టరు నోట్లోంచి, నేను పారేసుకున్న ప్రశ్న, దాదాపు అదే మాటల్లో వచ్చింది.

వదిన మిరప అంది, పత్తి అంది. డాక్టరు అవి కాదంది. ఫోనులో ఒక బొమ్మ తీసి నాకు చూపించింది, వదిన కళ్ళు సరిగా తెరుచుకోవడం లేదని. క్యారెట్ ఆకుల్లాంటి ఆకులు, పైన చిన్న చిన్న తెల్లని పూలు. వయ్యారిభామ. రోడ్డు పక్కన, బడి వెనక, కాలవ కట్ట మీద, మా గట్టు మీద, ఎక్కడ చూసినా అదే. మా అత్త జాబితాలో అది లేదు, ఎందుకంటే ఆవిడ దృష్టిలో అది చెట్టు కాదు, పీకి పారేసే గడ్డి. నా దృష్టిలోనూ అంతే.

"వయ్యారిభామ వదినా" అన్నాను.

"అదా" అంది వదిన తేలిగ్గా. "అది రోజూ మోస్తానే ఉన్నాగా."

డాక్టరు రాస్తున్న పెన్ను ఆపింది. "మోస్తారా? ఎందుకు?"

"వేపనీళ్ళు కాచుకోడానికి" అంది వదిన. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "అమ్మాయి మందు చేస్తది. నేను పుల్లలు తెస్తా."

డాక్టరు నావైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎండినా దాని విషం పోదనీ, ఆ పొడి మొహాన పడినా చాలనీ, పుల్ల విరిచినా, కాల్చినా, మోపు మొహానికి ఆనించుకున్నా ఒళ్ళు మండుతుందనీ నెమ్మదిగా చెప్పింది. ఊళ్ళో అందరూ పీకుతున్నారు గదా, ఈమెకే ఎందుకొచ్చింది అని అడిగాను. కొందరి ఒళ్ళు ఏళ్ళ తరబడి ఓర్చుకుని, ఒకరోజు ఇంక చాలంటుంది, ఆ తర్వాత మళ్ళీ ఒప్పుకోదు అంది. ఇది ఒకరినుంచి ఒకరికి అంటేది కాదని కూడా చెప్పింది. పగిలిన చర్మం మీద వేపాకు పసుపు రుద్దొద్దంది. చల్లని నీళ్ళతో కడగమంది, మాత్రలు రాసింది, పూతమందు రాసింది. "గోంగూర తినొచ్చా?" అని వదిన అడిగింది. "తినండమ్మా, అన్నీ తినండి, ముందు బలం రావాలి" అంది డాక్టరు.

తిరుగు ఆటోలో ఇంటికి బయలుదేరాం. కోపం వస్తే అవతలివాళ్ళ మీదికి తోసేయడం నా పుట్టుబుద్ధి, అప్పుడూ అదే చేశాను.

"మోపు తెచ్చిన రోజు ఎక్కువవుతుందని నీకు తెలియలేదా వదినా? ఒక్క మాట చెప్పొచ్చు గదా."

"తెలవక ఏంది" అంది. కళ్ళు మూసుకునే ఉన్నాయి. "మోసినరోజు మంట చానా ఎక్కువుండేది. ఎండకేమో, బరువుకేమో అనుకున్నా."

"మరి ఎందుకు తెచ్చావు?"

"వట్టి చేతుల్తో వస్తే నీ మందు పనిచెయ్యదు గదా అమ్మాయ్. పనిచెయ్యాలనే తెచ్చా."

నేను రోడ్డు వైపు తల తిప్పుకున్నాను. రెండు పక్కలా వయ్యారిభామ తెల్లగా పూసి ఉంది.

ఇంటికొచ్చి గోడ దగ్గర మిగిలిన పుల్లలు చూశాను. దింపడానికి ఒక్కరోజు, ఒక్కసారి, నేను చెయ్యి వేసి ఉంటే, ఏమో, నా చేతులైనా మండి ఉండేవేమో. కనీసం ఏమి మోస్తున్నావని చూసి ఉండేదాన్ని. పసుపు చేతులు కడుక్కోవడానికి ఒక చెంబు నీళ్ళు చాలు. నలభై రోజుల్లో ఆ చెంబు నీళ్ళు నాకు దొరకలేదు. ఆమె ముఠా మేస్త్రి, నేను చేను గలదాన్ని, కూలిమనిషి మోపు నేను దించడమేంది అని లోపల ఎక్కడో ఉండే ఉంటుంది. పైకి పసుపు అన్నాను.

ఆమెకు వాపు తగ్గడానికి మూడు వారాలు పట్టింది. ఈలోపల నేనూ మా ఆయనా చేతులకు తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని మా గట్టంతా శుభ్రం చేశాం. పీకింది గుంట తీసి పూడ్చాం. చిన్న మొలకల మీద ఉప్పు చిక్కగా కలిపిన నీళ్ళు చల్లాం. పక్క చేలవాళ్ళు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. మా గట్టు బాగుచేసినంత మాత్రాన పల్నాడు బాగుపడదని నాకూ తెలుసు. పక్క గట్టు మీద అది పచ్చగానే ఉంది.

కోతలు మొదలైన రోజు వదినను వెంటబెట్టుకుని చేలోకి వెళ్ళి, ముఠా అందరి ముందూ, ఇది అంటేది కాదని డాక్టరు చెప్పిన మాట చెప్పాను. వదిన చెంబులో నీళ్ళు వాళ్ళు చూస్తుండగా తాగాను. గొప్ప పని చేశాననుకున్నాను. మేనకోడలు వరస పిల్ల మొహం తిప్పుకుని, "అంటుద్దని మేమంటే అన్నాం అత్తా, ఇంటికాడ ఉండమంది నువ్వే గదా" అంది. 

ఆ తగువు వదినే తెంపింది. "ముఠా దానికే ఉండనీ. నేను మళ్ళా గట్లెక్కితే మళ్ళా ఉబ్బిద్ది. అమ్మాయ్, మీ కల్లంలో తాలుకాయలు ఏరడానికి నేను కూకుంటా." ఎంత మామూలుగా అందంటే, అది ఆమె కోరుకున్నదేమో అనిపించేటట్టు అంది. ఆమె కోరుకున్నది అది కాదని నాకు తెలుసు. నేను నలభై రోజులు అడిగాను, ఆమె ఇచ్చింది, ఆ నలభై రోజుల్లోనే ముఠా పోయింది. మొదటి సాయంత్రమే ఏ చెట్టు ముట్టుకున్నావని అడిగి ఉంటే పోయేది కాదు.

ఇప్పుడు ఎండిన మిరపకాయల కుప్ప ముందు గోనెపట్టా మీద కూర్చుని, ఎర్రవి ఒకవైపు, తెల్లబడిన తాలుకాయలు ఒకవైపు వేస్తుంది. ఆ ఘాటుకు నాకు తుమ్ములు ఆగవు, ఆమెను మాత్రం మిరప ఏనాడూ ఏమీ అనలేదు. ముఠా ఆటో కల్లం పక్కనుంచి వెళ్ళేటప్పుడు చేతులు ఆపుతుంది. ఆటో మలుపు తిరిగాక మళ్ళీ ఏరుతుంది. అది నేను చూస్తాను, చూడనట్టు ఉంటాను.

నా దగ్గరికి ఇప్పటికీ దురదలతో వస్తారు. మొదట ఏ చెట్టు ముట్టుకున్నావని అడుగుతాను. తెలియదంటే చల్లని నీళ్ళతో కడిగించి, నర్సరావుపేట పంపిస్తాను. నీళ్ళపొయ్యి తీసేశాను. వేపాకు నూరిన రోలు బోర్లించే ఉంది.

పోయిన మాఘంలో ఒక సాయంత్రం, కొత్త పత్తికట్టె వచ్చిన రోజుల్లో, వాకిట్లోనుంచి ఆ పిలుపు మళ్ళీ వినపడింది. "అమ్మాయ్, ఒక చెయ్యెయ్యి."

వంటింట్లో పిండి కలుపుతున్నాను. చేతులనిండా పిండి. మళ్ళీ వయ్యారిభామేమోనన్న అనుమానంతోనే బయటికొచ్చాను. వదిన తల మీద మోపు ఉంది. శుభ్రమైన పత్తికట్టె. దాని మీద, తాడులో దూర్చి, గోంగూర కట్ట ఒకటి.

"ఎందుకు మోసుకొచ్చావు ఇదంతా?" అన్నాను.

"నీళ్ళపొయ్యి తీసేశావంట. ఊళ్ళోవాళ్ళు చెప్పారు. వేపనీళ్ళు కాదులే, స్నానానికన్నా నీళ్ళు కాచుకోవద్దూ" అంది.

పిండి చేతులతోనే వెళ్ళాను. మోపు కింద చెయ్యి పెట్టి, ఆమె మెడ మీద నుంచి బరువు నా భుజం మీదికి తీసుకుని, నేల మీద దించాను. అనుకున్న దానికన్నా చాలా బరువుంది. దీనికి సగమున్నా, ఇంత బరువు మైలు దూరం, వాచిన కళ్ళతో, నలభై రోజులు మోసింది. ఆమె కొంగుతో మెడ తుడుచుకుని, నా చేతులవైపు, పుల్లలకంటిన పిండివైపు చూసింది.

"నీకు మోపు దించటం వచ్చు గదా అమ్మాయ్" అంది.

నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. గోంగూర కట్ట తీసుకుని లోపలికి వెళ్ళి, ఆమె కోసం పచ్చడి నూరడానికి, బోర్లించిన రోలు తిప్పి కడిగాను.